మూడు సెకన్లు, నాలుగు నిమిషాలు

పోయిన వారం ఒక యువకుడు ఫోన్ చేసి, వచ్చే నెలలో ఒక ఆదివారం సాయంత్రం పెన్నా బ్యారేజీ మీద తను ప్రేమించిన అమ్మాయికి ప్రపోజ్ చేయబోతున్నాననీ, ఆ అమ్మాయికి తెలియకుండా ఫొటోలు తీయాలనీ అడిగాడు. పదిమంది స్నేహితులు వస్తారట, రంగుల పొగ వదులుతారట, పైనుంచి తీయడానికి డ్రోన్ కూడా కావాలట. డబ్బు దగ్గర బేరమాడలేదు. నేను రానన్నాను. కారణం అడిగితే నోటికి సరైన మాట రాక, "ఆ రోజు కుదరదు బాబూ" అని ఫోన్ పెట్టేశాను. నిజానికి ఆ ఆదివారం నాకు వేరే పని లేదు. ఒక పిల్లవాడికి అబద్ధం చెప్పి తప్పించుకున్నానన్న బాధ అప్పటినుంచి తొలుస్తూనే ఉంది కాబట్టి, ఆ రోజు చెప్పవలసిన కారణాన్ని ఇక్కడ రాస్తున్నాను. అతను చదివినా చదవకపోయినా, ఇలాంటి ఫొటోలు తీయించుకోవాలనుకునే వారికీ, తీసే నా తోటివారికీ పనికొస్తుందని ఆశ.

ఇరవై ఏళ్లకు పైగా నెల్లూరులో పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. ఈ సర్‌ప్రైజ్ ప్రపోజల్ పనులు మా ఊరికి వచ్చి ఐదారేళ్లయింది. ఇప్పటికి తొమ్మిది తీశాను. వాటిలో రెండు నన్ను వదలకుండా వెంటాడుతున్నాయి కాబట్టి ఆ రెండింటి గురించే చెబుతాను.

స్వర్ణాల చెరువు గట్టు మీద

మొదటిది స్వర్ణాల చెరువు గట్టు మీద, డిసెంబరు నెలలో జరిగింది. అబ్బాయిది నెల్లూరే, ఉద్యోగం బెంగళూరులో. ఆ చోటు ఎంచుకోవడానికి అతనికి మంచి కారణమే ఉంది. అంతకు ముందటి మొహర్రంలో వాళ్లమ్మ బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు వెళ్లి, చెరువులో దిగి, కొడుక్కి పెళ్లి కావాలన్న కోరికతో పెళ్లి రొట్టె పట్టుకుందట. ఆ నీళ్ల ఒడ్డునే అడగాలని అతని కోరిక. ఆ మాట విన్నప్పుడు నాకు ఎంతో ముచ్చటేసింది, మరో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాను.

ముందు రోజు సాయంత్రం ఇద్దరం వెళ్లి చోటు చూసుకున్నాం. గట్టు మీద ఒక రాయికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడికి వచ్చాక కుడి మోకాలు నేలకు ఆన్చమన్నాను. ఎడమ మోకాలు ఆన్చితే నేను కూర్చునే వైపు నుంచి అతని ముఖానికి పైకి లేచిన మోకాలు అడ్డం వస్తుంది. ఉంగరం పెట్టెను ఛాతీ ఎత్తులో పట్టుకోమని, ముఖం ముందుకు తేవద్దని చెప్పాను. దూరం నుంచి తీయగల లెన్స్ పెట్టుకుని, కొంగల ఫొటోలు తీసేవాడిలా నీళ్ల వైపు తిరిగి కూర్చోవాలని నా ఏర్పాటు. కెమెరాకు చప్పుడు లేకుండా తీసే వీలుంది, షట్టర్ వేగం సెకనులో ఐదువందలో వంతు. ఇంతవరకు లోపమేమీ లేదు.

తెల్లవారితే కథ మారింది. అతను చెప్పని స్నేహితులు ఏడుగురు వచ్చారు. బెలూన్లు, స్పీకరు, పూలరేకులు నింపిన గొట్టాలు తెచ్చారు. అతను మోకాలు ఆన్చీ ఆన్చకముందే స్పీకరులో పాట మొదలైంది, దారిన పోయేవారు ఆగారు, చూస్తుండగానే ఇరవై, ముప్పై ఫోన్లు పైకి లేచాయి. ఎవరో "ఒప్పుకో అమ్మా" అని కేక వేశారు. తక్కిన వారు అందుకున్నారు.

ఆ రాత్రి నలభై మూడు ఫొటోలను కంప్యూటరు మీద పెద్దవి చేసి వరుసగా చూశాను. మొదటి రెండింటిలో ఆ అమ్మాయి అతని వైపు చూస్తోంది. మూడో దానిలో చూపు అతని భుజం మీదుగా జనం మీదికి పోయింది. నాలుగో దానిలో కుడి చెయ్యి చున్నీ అంచును అందుకుని గడ్డం దాకా లాగింది. ఐదు, ఆరు ఫొటోల్లో ఆ కళ్లు ఒక్కొక్క ముఖాన్నీ వెతుకుతున్నాయి. తమ ఊరివారు ఎవరైనా ఉన్నారేమోనని చూస్తున్నట్టు ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ తరువాతి దానిలో తల ఊపింది. ప్రతి ఫొటోతోపాటు గంట, నిమిషం, సెకను నమోదవుతాయి కదా. అతని మోకాలు నేలకు ఆనింది సాయంత్రం 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లకు. ఆమె తల ఊపింది 17వ సెకనుకు.

మర్నాడు పదకొండు గంటలకు ఆ అమ్మాయి ఒక్కతే స్టూడియోకి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "అన్నా, ఆ ఫొటోలు ఎవరికన్నా పంపించినారా?" అని అడిగింది. లేదన్నాను. అయినా అప్పటికే ఆలస్యమైంది. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో రాత్రికి రాత్రే వాళ్ల మేనమామ వాట్సాప్‌కు చేరింది, అక్కడినుంచి కోవూరు దగ్గరి పల్లెలో ఉన్న తండ్రికి. "మా నాయనకు నేను చెప్పాల్సిన మాట, నా కన్నా ముందు ఎవురో చూపించినారు" అంది. ఏడవలేదు. నేను ఏదో సర్దిచెప్పబోతే ఆపి, ఇంకో మాట అంది. అప్పటినుంచి నా పని తీరును మార్చింది ఆ మాటే. "నేను కాదనాలనుకోలేదన్నా. కానీ ఆయన్ని అడగాల్సినవి కొన్ని ఉండాయి. అందరి ముందర తల ఊపినాక ఇంక అవి అడిగితే పేచీ పెట్టినట్టు ఉంటాది."

మైపాడు ఒడ్డున

రెండోది ఆ తరువాతి సంక్రాంతి దాటాక, ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలోని మైపాడులో. మాది తూర్పు తీరం. సినిమాల్లో చూపించేలా సముద్రంలో మునిగే సూర్యుడు మాకు దొరకడు, పొడిచే సూర్యుడే దొరుకుతాడు. అందుకే ప్రాణం ఉసూరుమన్నా తెల్లవారుజామునే రమ్మన్నాను. ఆ అబ్బాయి స్నేహితులెవరినీ పిలవలేదు, పిలవడానికి మొహమాటపడే రకం. ఆ పూట ఒడ్డున అలివి వల లాగుతున్న వారు తప్ప ఎవరూ లేరు, వారికి వారి పనే లోకం. నేను ఒడ్డుకు ఎక్కించిన ఒక పడవ నీడలో, వెలుగు ఇద్దరి ముఖాల మీద పక్కనుంచి పడేలా దక్షిణం వైపు కూర్చున్నాను.

అతను 6 గంటల 48 నిమిషాలకు మోకాలు ఆన్చాడు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వింది. ఆ తరువాత నేను ఊహించనిది జరిగింది. ఆమె అతని ఎదురుగా ఇసుకలో కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆమె ఏదో అడిగింది, అతను చెప్పాడు, ఆమె సముద్రం వైపు చూసింది, మళ్లీ ఏదో అడిగింది. మధ్యలో ఒక అల వచ్చి అతని మోకాలు తడిపి పోయింది. ఆమె చెయ్యి చాచింది 6 గంటల 52 నిమిషాలకు. ఈ నాలుగు నిమిషాల్లో నేను తీసినవి పదకొండు ఫొటోలే. సగం సేపు కెమెరా దించేసి ఒళ్లో పెట్టుకున్నాను.

తరువాత వారి పెళ్లి నేనే తీశాను. భోజనాల దగ్గర మాటల్లో ఆ రోజు ఏమడిగావమ్మా అని అడిగితే ఏమాత్రం దాచకుండా చెప్పింది. మొదటిది, "మీ అమ్మకు చెప్పావా?" రెండోది, "మా తమ్ముడి ఇంజనీరింగ్ అయ్యేదాకా నా జీతంలో సగం ఇంటికి ఇస్తాను, ఏమీ అనవు కదా?" మూడోది తమ ఇద్దరికే తెలిస్తే చాలంది, నేనూ రెట్టించలేదు.

పెళ్లి అంటే మన దగ్గర ఈ ప్రశ్నలే. జీతం ఎవరికి, అత్తగారితో ఉండాలా, వేరు కాపురమా, కట్నం మాట ఎవరు ఎత్తుతారు, ఏ ఊళ్లో ఉండాలి. ఇవి అడగడానికి నాలుగు నిమిషాలు చాలవు, నాలుగు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. కనీసం అడగవచ్చునన్న తెరపి మైపాడులో ఆ అమ్మాయికి ఉంది. చెరువు గట్టు మీద అమ్మాయికి లేదు. ఇద్దరూ అవునన్నవారే, ఇద్దరి చేతికీ ఉంగరం ఎక్కింది, ఫొటోలు చూసిన వారికి తేడా కనిపించదు. నాకు మాత్రం ఫొటో కింద ఉన్న అంకెల్లో కనిపిస్తూనే ఉంటుంది.

నలుగురిలో అడగడం మంచిదే కదా?

దీనికి ఎదురువాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను, ఎందుకంటే చెరువు గట్టు అబ్బాయి తనే ఆ వాదన నా ముందు పెట్టాడు. ఆ అమ్మాయి వచ్చి వెళ్లాక అతన్ని పిలిపించాను. ముఖం వాడిపోయి ఉంది. జనాన్ని అంతగా పోగుచేయమని తను చెప్పలేదన్నాడు, అయినా నలుగురిలో అడగాలన్నది మాత్రం తన కోరికేనన్నాడు. "చాటుగా ప్రేమించి, కట్నం వచ్చే సంబంధం కుదరగానే ముఖం చాటేసేవాళ్లని మా కాలేజీలోనే ముగ్గురిని చూశానన్నా. పదిమంది ముందు అడిగితే నేను మాట తప్పలేను. ఆమెకు ఆ ధైర్యం ఇవ్వాలనుకున్నా" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. చాలా రోజులు ఆలోచించాను. అతను చెప్పింది నిజం. చాటు ప్రేమల్లో మోసపోయిన ఆడపిల్లల కథలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి, సాక్షులు లేకపోవడమే వాటిలో చాలా వాటికి మూలం. అయితే మన పెద్దలు ఆ సాక్ష్యానికి వేరే రోజు పెట్టారు. తాంబూలాలు మార్చుకునేది, లగ్నపత్రిక చదివేది ఆ నలుగురి కోసమే. అప్పటికి అడగవలసినవన్నీ అడిగేసి ఉంటారు. అడగడాన్నీ మాట ఇవ్వడాన్నీ ఒకే క్షణంలో ఇమిడిస్తే, మాట ఇచ్చేవాడికి నిండుగానే ఉంటుంది. జవాబు చెప్పవలసిన మనిషికి ఊపిరాడదు. ఆ అబ్బాయి జనాన్ని తనకు సంకెలగా పిలిచాడు. అది ఆమెకు కూడా పడుతుందని తోచలేదు.

పెళ్లిచూపులు మాత్రం ఏం బాగున్నాయి అని నా భార్య అడిగింది. పదిమంది మధ్య కాఫీ పళ్లెంతో నిలబడడం కన్నా చెరువు గట్టు నయం కాదా అంది. ఆ అనుభవం తనకు ఉంది, నాకు లేదు కాబట్టి తలవంచుకుని విన్నాను. అయినా ఒకటి చెప్పాలి. ఎంత లోపం ఉన్నా, ఆ పద్ధతిలో "ఏ సంగతీ ఇంటికి వెళ్లి కబురు చేస్తాం" అనే మాట ఒకటుంది. అక్కడికక్కడే తేల్చమని ఎవరూ అనరు. ఆ గడువు మగపెళ్లివారి చేతిలోనే ఉండేదన్నది నిజమే, అమ్మాయి ఆ కబురు కోసం ఎదురు చూడవలసిందే. అందులో పోవలసింది ఆ ఒకవైపుతనం. గడువు ఉండడమనే మంచిని మాత్రం చెరువు గట్టు మీద పోగొట్టుకున్నాం.

రొట్టెల పండుగ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, పెళ్లి కోరికను బాహాటంగా చెప్పుకునే చోటు కదా అది అని కొందరు అంటారు కాబట్టి. లక్షల మంది మధ్య పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని పైకి చెప్పుకుని మార్చుకుంటారు, నిజమే. కోరిక తీరినవారు రొట్టె వదులుతారు, కోరుకున్నవారు పట్టుకుంటారు. చిన్నప్పటినుంచి ఆ నీళ్లలో దిగుతున్నాను. చెయ్యి చాచని మనిషి చేతిలో రొట్టె పెట్టడం ఇంతవరకు చూడలేదు.

ఆశ్చర్యం ముఖంలో నటిస్తే రాదంటారు

మా వృత్తిలోని వారు వేసే ప్రశ్న వేరు. ముందే తెలిస్తే ఆ ముఖంలో మెరుపు రాదు, ఫొటో చచ్చిపోతుంది అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

ప్రపంచంలో ఎక్కువ మంది గోడలకెక్కిన ప్రేమ ఫొటోల్లో ఒకటి 1950లో రొబేర్ డ్వానో లైఫ్ పత్రిక కోసం పారిస్ నగరపాలక భవనం ముందు తీసినది. నడిచిపోతున్న జనం మధ్య ఒక జంట ముద్దు పెట్టుకుంటూ ఉంటుంది. దారినపోతూ పట్టేసిన క్షణమని లోకమంతా నమ్మింది. ఆ జంట తామేనంటూ వేరే ఇద్దరు కోర్టుకు వెళ్లడంతో, 1990లలో డ్వానో నిజం బయటపెట్టవలసి వచ్చింది. నటన నేర్చుకుంటున్న ఇద్దరు ప్రేమికులను చూసి, వారి అనుమతి అడిగి, మళ్లీ ముద్దు పెట్టుకోమని తీసిన ఫొటో అది. వారి ప్రేమ నిజమే, ముద్దూ నిజమే, అడిగి తీశాడంతే. అందులోని యువతికి ఒక ప్రింటు కూడా ఇచ్చాడు. ఆమె దాన్ని అన్నేళ్లూ దాచుకుని 2005లో వేలంలో అమ్మింది.

దీని పక్కన పెట్టి చూడవలసినది 1945 ఆగస్టు 14న న్యూయార్కు టైమ్స్ స్క్వేర్‌లో ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్ తీసిన ఫొటో. యుద్ధం ముగిసిన సంబరంలో ఒక నావికుడు తెల్లదుస్తుల్లో ఉన్న యువతిని వంచి ముద్దు పెట్టుకుంటాడు. అది అచ్చంగా అప్పటికప్పుడు జరిగినదే. ఆ యువతిగా ఎక్కువ మంది గుర్తించిన గ్రెటా జిమ్మర్ ఫ్రీడ్‌మన్, అరవై ఏళ్ల తరువాత ఒక ఇంటర్వ్యూలో, ఆ ముద్దు తను కోరుకున్నది కాదని చెప్పింది. అన్నేళ్లూ జనం దాన్ని ప్రేమ ఫొటోగానే చూశారు. ఆ మాట తెలిశాక నేను మళ్లీ ఆ ఫొటో చూస్తే ఆమె చేతుల మీదికే నా చూపు పోతోంది.

ఈ రెంటిలో ఏది నా గోడ మీద పెట్టుకుంటానో నాకు తెలుసు.

ఆ ఫొటో ఎవరిది?

చెరువు గట్టు అమ్మాయి ఆ రోజు వెళ్లేముందు అన్నీ చెరిపేయమని అడిగింది. డబ్బిచ్చింది ఆ అబ్బాయి, అతన్ని అడగాలమ్మా అన్నాను. "అందులో ఉండేది నా మొకం కదన్నా" అంది. నేను చెప్పింది చట్టం ప్రకారం సరైనదే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఆ ఫొటోకు మొదటి హక్కుదారు. తీసిన నాకు లేదు, అందులో ఉన్న ఆమెకూ లేదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిందని నాకు తెలుసు, కానీ నెల్లూరులో ఒక స్టూడియో బల్లకు అటూ ఇటూ నిలబడిన ఇద్దరికి ఆ పూట అది ఏ దారీ చూపించలేదు. దారి నాకు మా నాన్న దగ్గర దొరికింది.

మా నాన్న గాంధీబొమ్మ దగ్గర స్టూడియో నడిపిన రోజుల్లో పెళ్లిచూపుల ఫొటోలే ప్రధాన సంపాదన. గీసిన తెర ముందు, పూలకుండీ పక్కన, చీర కుచ్చిళ్లు సర్దుకుని నిలబడిన అమ్మాయిల ఫొటోలు పోస్టుకార్డు సైజులో మధ్యవర్తుల చేతుల్లో ఊళ్లు తిరిగేవి. స్టూడియోలన్నీ నెగటివ్‌లు తమ దగ్గరే ఉంచుకునేవి, మళ్లీ కాపీలు కావాలంటే అక్కడికే రావాలి కాబట్టి. మా నాన్న పెళ్లికాని ఆడపిల్లల విషయంలో మాత్రం ప్రింట్లతో పాటు నెగటివ్ కూడా కవరులో పెట్టి, తండ్రి చేతికి కాకుండా ఆ అమ్మాయి చేతికే ఇచ్చేవాడు. "మీ దగ్గరే పెట్టుకోండమ్మా" అనేవాడు. షోకేసులో అనుమతి లేకుండా ఒక్క ఆడపిల్ల ఫొటో పెట్టలేదు. కాపీల డబ్బు పోతుంది కదా అని ఒకసారి అడిగితే, మా అక్క వైపు చూసి ఊరుకున్నాడు.

మా అక్క ఫొటో నాలుగు సంబంధాలకు వెళ్లింది. మూడు తిరిగొచ్చాయి, ఒకటి రాలేదు. అక్కకు ఇప్పుడు మనవరాలు కూడా పుట్టింది. అయినా ఎప్పుడైనా ఆ రోజుల మాట వస్తే, ఆ ఆకుపచ్చ చీర ఫొటో ఎవరింట్లో ఏ పెట్టెలో ఉందో అంటుంది.

అందుకే ఆ అబ్బాయిని పిలిపించాను. ఫొటోల మాట ఎత్తగానే, నేను రెండో మాట అనకముందే చెరిపేయమన్నాడు. సాయంత్రం ఇద్దరినీ రమ్మని, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, మౌస్ ఆ అమ్మాయి చేతికిచ్చాను. ఒక్కొక్కటే చూసి తనే తీసేసింది. నాలుగో ఫొటో దగ్గర అతను తెర వైపు చాలాసేపు చూసి, "నాకు ఇది కనపడలేదు" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. వాళ్ల నాన్న మెత్తబడడానికి ఎనిమిది నెలలు పట్టిందని తరువాత విన్నాను. పెళ్లి మరెవరో తీశారు. బాధ కలిగింది, కానీ వారిని తప్పుపట్టలేను.

ఆ వారమే మా బుకింగు కాగితం తిరగరాశాను. చట్టమే "వేరే ఒప్పందం లేకపోతే" అంటోంది కదా, ఆ వేరే ఒప్పందాన్ని రాసుకున్నాను. తెలియకుండా ఫొటోలో పడిన మనిషికే ఆ ఫొటోలు ముందు చూపించాలి, ఆ మనిషి వద్దన్నవి డబ్బిచ్చినవారికి కూడా ఇవ్వకుండా చెరిపేయాలి, అప్పటిదాకా ఎక్కడా పెట్టకూడదు. స్నేహితులు, పాట, పొగ, డ్రోన్ ఉండకూడదు. నేను ఒక్కడినే ఉంటాను, అదీ కనపడకుండా. ఈ షరతులు విని వెనక్కి పోయినవారు ఒప్పుకున్నవారి కన్నా ఎక్కువ. కనపడకుండా నేను మాత్రం ఉండవచ్చా అన్న సందేహం నాకు ఇప్పటికీ తీరలేదు. మైపాడు అమ్మాయి నన్ను చూసి, "అబ్బ, ఎవరైనా తీసి ఉంటే బాగుండునని అప్పుడే అనుకున్నా" అని సంతోషపడింది కాబట్టి మానలేకపోతున్నాను. ఇంకో అమ్మాయి అలా అనకపోవచ్చు. అప్పుడు మౌస్ ఆమె చేతికే ఇస్తాను.

ఇదంతా ఫోన్‌లో చెప్పలేక అబద్ధం చెప్పాను, బాబూ. నిన్న మళ్లీ నీకు ఫోన్ చేసి, ఆ ఆదివారం నాకు ఖాళీయేనని చెప్పాను, షరతులు చదివి వినిపించాను. స్నేహితులతో మాట్లాడి చెబుతానన్నావు. ఒప్పుకుంటే సాయంత్రం వద్దు, బ్యారేజీ మీద రద్దీ ఎక్కువ. తెల్లవారుజామున రా. తూర్పున దిగువ నీళ్ల మీద వెలుగు పడేసరికి మబ్బు లేకపోతే ఆరున్నర దాటుతుంది. నడకకు వచ్చేవారు కొందరు ఉంటారు కానీ ఎవరి దారిన వారు పోతారు. ఆమెను నిలబెట్టి ఉంచకు, పిట్టగోడ పక్కన ఇద్దరూ కూర్చునే చోటు చూసుకో.